కుడి సీట్లో కూర్చునే మనిషి

ముఖచిత్రం ముందే ఖాయమైంది. ఎర్ర లంబోర్ఘినీ, వెనక నెవాడా ఎడారి, పైన మబ్బుతునక లేని ఆకాశం. ఆ బొమ్మకు తగ్గ కథ కావాలన్నది ఎడిటర్ ఆదేశం, గడువు గురువారం. కోట్లు పోస్తే గానీ గుమ్మంలోకి రాని కారును కొన్ని వందల డాలర్లకు రేస్ ట్రాక్ మీద నాలుగైదు చుట్లు తోలి రావచ్చు. అమెరికాలో దీన్ని ‘సూపర్ కార్ ఎక్స్‌పీరియెన్స్’ అంటారు. అక్కడి మనవాళ్లు కూడా లాస్ వెగస్ వెళ్తే గ్రాండ్ కేనియన్‌తో పాటు దీన్నీ ఓ పూట ఇరికించుకుంటున్నారు. బావ స్టీరింగు పడతాడు, బావమరిది కంచె అవతల నిలబడి ఫోన్లో వీడియో తీస్తాడు, సాయంత్రానికి అది ఊళ్లో అందరి వాట్సాప్‌లోకీ చేరుతుంది.

ఇలాంటి కథలకు మాటలు ముందే వండి ఉంటాయి. గర్జించే ఇంజను, గాల్లో తేలే గుండె, జన్మ ధన్యం. నాలుగు వడ్డిస్తే పేజీలు నిండేవే. కానీ ఈ వ్యాపారం గురించి చదువుతూ పోతే కారు కన్నా ఎక్కువసేపు కట్టిపడేసింది ఒక కాగితం. హెల్మెట్ చేతికిచ్చే ముందు సంతకం పెట్టించుకునే ‘వేవర్’.

ఆపరేషన్ థియేటర్ బయట నర్సు చేతికిచ్చిన ఫారం మీద బంధువులు చేసే సంతకం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. చదివినా చదవకపోయినా లోపలికి వెళ్లడం తప్పదు కాబట్టి ఎవరూ చదవరు. చదివితే మాత్రం ఈ ఫారాలన్నీ దాదాపు ఒకే మెట్ల మీదుగా దిగుతాయి. ఈ పని ప్రమాదకరమని తెలిసే వచ్చాను, గాయపడవచ్చు, చనిపోవచ్చు. నేను గానీ నా వారసులు గానీ దావా వేయం. తర్వాతి మెట్టు దగ్గర కాస్త ఆగాలి: నిర్వాహకుల నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే, వేయం. ఆ పైన పూచీ నుంచి విడుదల పొందేవాళ్ల పట్టిక. కంపెనీ, స్థలం యజమాని, స్పాన్సర్లు, తోటి డ్రైవర్లు. ప్రమాదం జరిగితే కాపాడటానికి పరిగెత్తుకొచ్చే సహాయ సిబ్బంది కూడా ఆ పట్టికలో ఉంటారు.

‘నిర్లక్ష్యం’ అన్న మాట వచ్చే వాక్యాలు చాలా ఫారాల్లో పెద్ద అక్షరాల్లో, బొద్దుగా కనిపిస్తాయి. చదివేవాడి మీద దయతో అలా అచ్చువేశారనుకుంటే పొరపాటు. టెక్సస్ సుప్రీంకోర్టు 1993లో డ్రెస్సర్ ఇండస్ట్రీస్ కేసులో చెప్పిన మాట ఇది: సొంత నిర్లక్ష్యం నుంచి ఎవరైనా తప్పించుకోదలిస్తే ఆ షరతు కంటికి కొట్టొచ్చినట్టు ఉండాలి, చిన్న అక్షరాల గుంపులో దాచితే చెల్లదు. అంటే ఆ బొద్దు అక్షరాలు రేపు జడ్జిగారికి చూపించుకోవడానికి.

మరి సంతకం పెట్టాక నోరు మూతపడినట్టేనా? రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా కోర్టులు మామూలు నిర్లక్ష్యం వరకు ఈ కాగితాన్ని మన్నిస్తాయి. నిర్లక్ష్యం మరీ ఘోరమైనదైతే ముందే రాయించుకున్న హామీ పనికిరాదని 2007లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు శాంటా బార్బరా నగరం కేసులో తేల్చింది. బ్రిటన్‌లో కథ ఇంకా సూటిగా ఉంటుంది. తన నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినా గాయపడినా ఆ బాధ్యతను కాగితంతో తుడిచేసుకోవడం ఏ వ్యాపారికీ కుదరదని 1977 నాటి చట్టమే చెప్పింది. అక్కడి ట్రాకుల్లోనూ సంతకాలు పెట్టించుకుంటారు, కానీ ఆ సంతకానికి ఇంత బలం లేదు.

ఈ కాగితం ఎక్కడ చిరుగుతుందో తెలియాలంటే 2005 జూన్ 2న లాస్ ఏంజిలిస్‌కు తూర్పున ఫాంటానాలో, కాలిఫోర్నియా స్పీడ్‌వేలో జరిగింది చూడాలి. అది టికెట్ కొని ఎక్కే ఎక్స్‌పీరియెన్స్ కాదు. ఫెరారీ యజమానుల క్లబ్బు ఏర్పాటు చేసిన ట్రాక్ డే, ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని తోలుకునేది. ఒకాయన తన పోర్షె కరేరా జీటీలో స్నేహితుణ్ని పక్కన ఎక్కించుకుని బయల్దేరాడు. ఇద్దరూ సంతకాలు పెట్టినవాళ్లే. పిట్ లేన్ నుంచి ఒక ఫెరారీ నెమ్మదిగా ట్రాక్ మీదికి వచ్చింది. దాన్ని తప్పించబోయిన పోర్షె అదుపు తప్పి గోడను ఢీకొంది. ఇద్దరూ చనిపోయారు.

పక్క సీట్లో పోయిన వ్యక్తి భార్య దావా వేసింది. వేవర్ ఉందిగా అన్నారు. ఆమె తరఫు లాయర్లు ఆ కాగితం చుట్టూ తిరిగి నాలుగు తలుపులు తట్టారు. కారు అంతకుముందే అదుపులో ఇబ్బంది పెడుతోందని నడిపినవాడికి తెలుసు, ఎక్కినవాడికి చెప్పలేదన్నది ఒకటి. వెనక నుంచి వేగంగా కారు వస్తుంటే ఫెరారీని ట్రాక్ మీదికి వదిలారన్నది రెండోది. ఆ గోడ అసలు ఉండాల్సిన చోట లేదు, పిల్లల ఆటస్థలం కోసం జరిపారన్నది మూడోది. నాలుగోది పోర్షె మీద. కారు జారడం మొదలవగానే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ 600కు పైగా హార్స్‌పవర్ ఉన్న ఆ కారులో పెట్టనే లేదు.

2007లో రాజీ కుదిరింది, దాదాపు 45 లక్షల డాలర్లకు. అందులో 49 శాతం నడిపినవాడి ఆస్తి నుంచి, 41 శాతం ట్రాకు, నిర్వాహకుల వైపు నుంచి, 8 శాతం పోర్షె నుంచి, మిగిలిన 2 శాతం ఆ ఫెరారీ నడిపినతని నుంచి వచ్చాయి. రాజీ కాబట్టి తీర్పు లేదు. కానీ కాగితం అంత గట్టిదే అయితే ఇన్ని చేతులు జేబుల్లోకి ఎందుకు వెళ్లాయన్న ప్రశ్న మిగిలింది. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాల పాల్ వాకర్ 2013 నవంబరులో చనిపోయింది కూడా కరేరా జీటీలోనే. అది మామూలు రోడ్డు. ఆయన కూడా ఆ రోజు స్టీరింగు పట్టలేదు, పక్క సీట్లో ఉన్నాడు.

పక్క సీటు సంగతి రెండుసార్లు తగిలాక ఈ కథనం దారి మళ్లింది. ఎక్స్‌పీరియెన్స్ వ్యాపారంలో ఆ సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అమెరికాలో స్టీరింగు ఎడమవైపు కాబట్టి కుడి సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. వాళ్లలో చాలామంది సొంతంగా రేసులు ఆడినవాళ్లే. మామూలు డ్రైవింగ్ స్కూలు కారులోలాగే కొన్ని కంపెనీలు ఆయన కాళ్ల దగ్గర అదనపు బ్రేకు పెడతాయి. యాక్సిలరేటర్ మాత్రం ముక్కూమొహం తెలియని ఒకరి కాలి కింద ఉంటుంది, స్టీరింగు ఆ ఒకరి చేతిలో.

ఆ ఒకరు ఎవరు? నిన్నటిదాకా టయోటా క్యామ్రీ తోలినవాడు. లంబోర్ఘినీ హురాకాన్ తొలి మోడల్‌కే 610 హార్స్‌పవర్, సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 3.2 సెకన్లు. అయితే వేగం అందుకోవడం తేలిక, కాలు నొక్కితే చాలు. ఇన్‌స్ట్రక్టర్ బతుకంతా బ్రేకు దగ్గర ఉంటుంది. మంచి టైర్లు, పొడి ట్రాకు ఉంటే 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి సుమారు 40 మీటర్లు కావాలి. 200 అయితే 80 మీటర్లు చాలవు, 160 కావాలి. హైవే అలవాటున్న కాలికి ఈ లెక్క తెలియదు. అందుకే నేరుగా సాగే దారి చివర కోన్లు పెడతారు: ఇక్కడ బ్రేకు, ఇక్కడ తిప్పు, ఇక్కడ లోపలి అంచు తాకు. కొత్తవాడి చూపు దగ్గరి కోను మీద అతుక్కుపోతుంది, కారు చూపు వెంటే పోతుంది. హెల్మెట్‌లోంచి ‘పైకి చూడు, ముందుకు చూడు, బ్రేక్ బ్రేక్ బ్రేక్’ అని వినిపించే కేకలు అందుకే. మైలున్నర ట్రాకు మీద సగటున 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒక చుట్టుకు నిమిషంన్నర పడుతుంది. ఐదు చుట్లు ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతాయి. కస్టమర్ దిగి ఫొటో దిగుతాడు. కుడి సీట్లో మనిషి దిగడు, ఎడమ సీట్లోకి ఇంకొకరు వస్తారు.

2015 ఏప్రిల్ 12, ఆదివారం. ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ స్పీడ్‌వేలో 24 ఏళ్ల యువకుడు పుట్టినరోజు సరదాగా లంబోర్ఘినీ గల్లార్డో తోలుతున్నాడు. కారు అదుపు తప్పి కుడి పక్క గార్డ్‌రైల్‌కు తగిలింది. అతను బతికాడు. కుడి సీట్లో ఉన్న 36 ఏళ్ల ఇన్‌స్ట్రక్టర్ చనిపోయాడు. ఆ ఓవల్ ట్రాకును రేసుల కోసం కట్టింది గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగడానికి. సూపర్ కార్లను మాత్రం ముల్లు తిరిగే దిశలో తిప్పేవారు. గార్డ్‌రైల్ చివరి అంచు వచ్చే కారుకు ఎదురవుతుందా లేదా అన్నది దిశను బట్టి మారిపోతుంది. ట్రాకును మూసేయాలని అప్పటికే నిర్ణయమైంది, ఆ వేసవిలోనే మూసేశారు.

2017 ఫిబ్రవరి 12, మళ్లీ ఆదివారమే. లాస్ వెగస్‌కు దక్షిణాన ఉన్న ఒక ట్రాకులో లంబోర్ఘినీ అవెంటడార్ గోడను ఢీకొని అంటుకుంది. నడుపుతున్న కెనడా పర్యాటకుడు, పక్కన ఇన్‌స్ట్రక్టర్, ఇద్దరూ పోయారు.

ఈ వ్యాపారంలో రోజూ వేల చుట్లు ఏ గొడవా లేకుండా తిరుగుతాయి. నిజమే. కానీ ఆ ఫారం మళ్లీ ఒకసారి చదివితే దాని ఊహ ప్రకారం ప్రమాదం కస్టమర్‌ది, పూచీ తప్పించుకోవాల్సింది కంపెనీ. కస్టమర్ వల్ల కుడి సీట్లో మనిషికి జరగబోయేది ఆ కాగితానికి పట్టదు. ఆయనది ఉద్యోగం, ఆయన కాగితాలు వేరే ఫైల్లో ఉంటాయి. కస్టమర్‌ను మాత్రం ఎవరూ ‘పక్కవాడి ప్రాణం నీ కాలి కింద ఉంది, తెలుసా’ అని అడిగి సంతకం తీసుకోరు. ఈ రచయితకు కార్ల మీద ఉన్న మోజు ఏమీ తగ్గలేదు గానీ, ఆ ఒక్క వాక్యం ఫారంలో చేర్చడానికి ఖర్చేమీ కాదు.

చరిత్ర కావాలన్నవాళ్లకు క్లుప్తంగా: బ్రిటన్‌లో జిమ్ రసెల్ 1950ల్లో రేస్ డ్రైవింగ్ స్కూలు తెరిచాడు. అమెరికాలో బాబ్ బాండురాంట్ 1968లో మొదలుపెట్టాడు, ‘విన్నింగ్’ సినిమా కోసం పాల్ న్యూమన్‌కు నేర్పింది ఆయనే. స్కిప్ బార్బర్ 1975లో వచ్చాడు. అవన్నీ రేసర్లు కాదలచినవాళ్ల బడులు. 1997లో ఫెరారీ ఎఫ్355లో స్టీరింగు వెనక మీటలతో గేరు మార్చే పద్ధతి వచ్చింది. క్రమంగా చాలా సూపర్ కార్లలోంచి క్లచ్ పెడల్ మాయమైంది. స్కూటీ తోలినవాళ్లు కూడా ఫెరారీ తోలగలిగే రోజు అలా వచ్చింది, వెనకే ఈ వ్యాపారమూ వచ్చింది.

పెట్టె 1: ఎక్కే ముందు

లైసెన్సు దగ్గర ఉండాలి. చెప్పులతో రానివ్వరు, మూసి ఉన్న బూట్లు వేసుకోండి. తాగి ఉంటే డబ్బు కట్టినా కారెక్కనివ్వరు. కారుకు నష్టం జరిగితే ఎంతవరకు మీరు కట్టాలో బుక్ చేసేటప్పుడే అడగండి. ఆ మొత్తం తగ్గించడానికి కొంత అదనపు రుసుము అడుగుతారు. అది టికెట్ ధరలో కలవదు. లోపలి కెమెరా వీడియోకు కూడా చాలాచోట్ల వేరే ధర ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ వైపు బ్రేకు ఉందా అని అడగడంలో నామోషీ ఏమీ లేదు.

పెట్టె 2: మీ కారు డాష్‌బోర్డు అరలో

సొంత కారునే ట్రాకుకు తీసుకెళ్దామనుకునేవాళ్లు ముందు డాష్‌బోర్డు అరలోని బీమా పాలసీ తీసి చూడాలి. భారతదేశంలో సొంత కార్ల పాలసీల మీద ‘వినియోగ పరిమితులు’ అనే చిన్న పేరా ఉంటుంది. వ్యవస్థీకృత రేసింగు, పేస్ మేకింగు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్‌కు ఈ పాలసీ వర్తించదని అందులో రాసి ఉంటుంది. అమెరికా పాలసీల్లోనూ రేసింగు కోసం కట్టిన చోట పోటీకో, పోటీ సాధనకో వాడితే చెల్లదన్న షరతు మామూలే.

పెట్టె 3: మన దగ్గర

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. జ్యాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అది నగర రోడ్లకు గోడలు కట్టి చేసిన తాత్కాలిక సర్క్యూట్. 2024 పోటీ రద్దయింది. శాశ్వత సర్క్యూట్ కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు లేదా గ్రేటర్ నోయిడా వెళ్లాలి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 దాకా మూడు ఫార్ములా వన్ రేసులు జరిగాయి, మూడూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. ఆడి, మెర్సిడెస్ కంపెనీలు అక్కడ డబ్బు కట్టి వచ్చేవాళ్లకు తమ కార్లతో శిక్షణ రోజులు పెట్టాయి. ట్రాకు దూరమని హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద సరదా తీర్చుకునేవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. అక్కడ గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద, ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.