తాళపుచెవి ఎక్కడ?

చాదర్‌ఘాట్ వంతెనపై నడచువారికి మూసీనది సామాన్యముగ ఒక సన్నని పాయవలెనే కనబడును. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఈ నదియే పొంగి నగరమును ముంచి, వేలాది ప్రాణములను బలిగొన్నది. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నిర్మించిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. అయినను, 2025 సెప్టెంబరు చివర ఆ జలాశయముల గేట్లు ఎత్తినపుడు చాదర్‌ఘాట్ చెంతనున్న మూసానగర్ వంటి పల్లపు ప్రాంతములలోని ఇండ్లలోనికి మరల నీరు వచ్చినది.

నేటి గృహములలో బియ్యము, బట్టలతోపాటు తడిసిపోవు వస్తువులలో కంప్యూటరు కూడ ఒకటి. అందు పిల్లల సర్టిఫికెట్లు, దుకాణపు లెక్కలు, గతించిన పెద్దల ఛాయాచిత్రములు ఉండును. యంత్రమును మరల కొనవచ్చును, వీనిని కొనజాలము. పోయిన సమాచారమును తిరిగి సంపాదింపవచ్చునా అను ప్రశ్నకు సమాధానము, ఆ డిస్కుకు తాళము వేసియున్నదా లేదా అనుదానినిబట్టి మారును.

మొదట తాళము లేని డిస్కు సంగతి చూతము. మామూలు హార్డ్ డిస్కులో ఒక దస్త్రమును తుడిచివేసినపుడు చెరిగిపోవునది సూచికలోని పద్దు మాత్రమే. విషయసూచిక పుటను చించినంతమాత్రమున పుస్తకములోని అధ్యాయములు పోవు కదా! ఆ స్థలముపై క్రొత్త వ్రాత పడనంతవరకు నిపుణుడు పాత విషయమును వెదకి తీయగలడు. కావున దస్త్రము పోయినదని తెలిసిన క్షణమున యంత్రమును వాడుట మానవలెను. తడిసిన డిస్కునకు కరెంటు ఇచ్చి పరీక్షింపరాదు; వేడిగాలితో ఆరబెట్టరాదు. నేర్పరియైన పనివాడు ముందుగ డిస్కులోనిదంతయు వేరొకదానికి నకలు తీసి, ఆ నకలుపైననే పనిచేయును.

ఇక తాళము వేసిన డిస్కు. దీనిలో ప్రతి అక్షరమును ఒక రహస్యసంఖ్య సహాయమున గుర్తుపట్టరాని రూపమునకు మార్చి వ్రాయుదురు. దీనినే గుప్తీకరణమందురు. ఇందుకు నేడు విరివిగ వాడుచున్న ఏ.ఇ.ఎస్. పద్ధతిని బెల్జియము దేశీయులగు యోహాన్ డామన్, విన్సెంట్ రైమన్ రూపొందించిరి. 2001లో అమెరికా ప్రభుత్వము దానిని ప్రమాణముగ స్వీకరించినది. 128 బిట్ల తాళపుచెవికి గల అవకాశముల సంఖ్యను వ్రాసినచో 39 అంకెలు అగును. సెకనుకు లక్ష కోట్ల చొప్పున పరీక్షించినను, అన్నియు ముగియుటకు లక్ష కోట్ల సంవత్సరములకు కోటి రెట్లు పట్టును. కావున తాళపుచెవి లేనిదే డిస్కునుండి ఎంత నిపుణతతో నకలు తీసినను లభించునది అర్థములేని అంకెల రాశియే. దొంగ చేతికి చిక్కిన కంప్యూటరు విషయమున ఇది మనకు రక్ష. చెవి పోగొట్టుకొన్ననాడు ఇదియే మనకు గోడ.

విండోసు యంత్రములలోని ఈ తాళమునకు బిట్‌లాకర్ అని పేరు. 2024లో వెలువడిన విండోస్ 11 కూర్పును మైక్రోసాఫ్ట్ ఖాతాతో క్రొత్తగ అమర్చిన అనేక కంప్యూటర్లలో ఇది యజమాని అడుగకుండగనే పడుచున్నది. మనము ప్రతిదినము నొక్కు పాస్‌వర్డు వేరు. ఆపత్కాలమున తలుపు తెరచు 48 అంకెల సంఖ్య వేరు. అది ఆరేసి అంకెల ఎనిమిది గుంపులుగ ఉండును. సాధారణముగ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో, ముద్రించిన కాగితముపైనో, ఉద్యోగి యంత్రమైనచో కార్యాలయము వద్దనో దొరకును. అది చేతనున్నచో, కొంత చెడిన డిస్కునుండి సయితము దస్త్రములను రాబట్టు సాధనములు కలవు. నిత్యము తలుపు తెరచు రహస్యము కంప్యూటరులోని ఒక చిన్న చిప్పులో దాగియుండును గనుక, తడిసిన యంత్రము నుండి డిస్కును మాత్రమే విప్పుకొని మిగిలినదానిని పారవేయరాదు.

కంప్యూటరు నెమ్మదించుటకు ఈ తాళమే కారణమని కొందరనుకొందురు. 2010 ప్రాంతము నుండి వచ్చిన అనేక ప్రాసెసర్లలో ఈ లెక్కను చేయుటకు ప్రత్యేకమైన ఏర్పాటున్నది. కనుక ఆ భారము సాధారణముగ స్వల్పమే. అసలు కారణములు వేరు: తిరుగుడు డిస్కు, చాలని మెమరీ, యంత్రముతోపాటే మేల్కొను అనవసరపు ప్రోగ్రాములు. తిరుగుడు డిస్కు సెకనుకు సుమారు నూరుచోట్ల వెదకగలిగిన, ఎస్.ఎస్.డి. వేలకొలది చోట్ల వెదకగలదు. పాత యంత్రమునకు ఇంతకు మించిన చికిత్స అరుదు. కాని ఎస్.ఎస్.డి.లో తుడిచిన దస్త్రముల స్థలము త్వరలోనే నిజముగ ఖాళీయగును. తిరిగి లభించు ఆశ తక్కువ. అంతేకాక, వేగము కొరకు మదర్‌బోర్డు మార్చినను, బయోసు అమరికను సవరించినను, యంత్రము అనుమానించి 48 అంకెలను అడుగవచ్చును. చాలమందికి తాళమున్నదని తెలియునది ఆనాడే!

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన దోషపూరితమైన సవరణవలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోసు యంత్రములు నిలిచిపోయినవి. హైదరాబాదు నుండి కలకత్తా వెళ్లు విమానమునకు ఆనాడు చేతివ్రాత బోర్డింగు పాసులు ఇవ్వవలసివచ్చినది. చెడిన దస్త్రమును తీసివేయుట నిమిషముల పని. కాని తాళము వేసిన యంత్రములకు ఒక్కొక్కదానికి ఆ 48 అంకెలు కావలసివచ్చెను.

కావున మరమ్మతునకు ఆబిడ్స్‌కో, కోఠీకో యంత్రమును తీసికొనిపోవుటకు ముందు ఆ సంఖ్య మీవద్ద ఉన్నదో లేదో చూచుకొనుడు. లేనిచో యంత్రము పనిచేయుచుండగనే, దానిలోని బిట్‌లాకర్ అమరికల నుండి ముద్రించుకొనుడు. ఆ కాగితమును కంప్యూటరు సంచిలో ఉంచరాదు. ఇంటి పత్రములతో, ఎత్తైన చోట దాచుడు. ముఖ్యమైన దస్త్రముల నకలును వేరొక డిస్కులో ఎక్కించి, మెరకనున్న బంధువుల ఇంట ఉంచుడు. ఆరు మాసములకొకసారి తెరచి చూడుడు. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో మనకు తెలియదు.