ఇల్లు చూడటానికి ఆషాఢమే మంచిది

ఇరవై ఏళ్ళుగా కళాశాలలో ప్రబంధాలు పాఠం చెబుతున్నాను. వాటిలోని మేడల్నీ, మాడుగుల్నీ గంటసేపు వర్ణించి చెప్పగలను గాని, నిజమైన ఇంటి గోడను చూసి అది తడిగోడో పొడిగోడో పోల్చుకోలేనని నిరుటి వేసవిలో తెలిసివచ్చింది.

గుంటూరులో ఒక ఇల్లు బేరానికి వచ్చింది. పాతదే గాని, కొత్తగా రంగులు వేయడంతో అద్దంలా మెరిసిపోతోంది. వంటింట్లో ఏ డబ్బా ఏ అరలో పెట్టాలో మా ఆవిడ అప్పుడే నిర్ణయించేసింది. భవిష్యనిధిలో దాచుకున్నదంతా తీయడానికి నేను దరఖాస్తు రాసుకున్నాను. తీరా అడ్వాన్సు ఇవ్వబోతుంటే మా అమ్మ అడ్డుపడింది.

"ఆషాఢం వస్తోందిరా! శ్రావణంలో ఇద్దువుగాని. నెల్లాళ్ళలో ఇల్లు ఎక్కడికీ నడిచిపోదు."

చాదస్తమని లోలోపల విసుక్కున్నాను. ఈలోగా నాలుగు వానలు పడ్డాయి. తెలిసిన తాపీమేస్త్రిని వెంటబెట్టుకుని మరోసారి వెళ్ళానుగదా, పడమటి గోడకు చాపంత చెమ్మ! కొత్త రంగు బొబ్బలెక్కి పెచ్చులూడుతోంది. కిటికీ మూలనుంచి, రంగు కింద దాగిన పగులు ఒకటి ఏటవాలుగా తేలింది.

"ఇది నల్లరేగడి నేల, మాస్టారూ! వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది సరిగా పడకపోతే గోడలు ఇలాగే చీలతాయండి" అన్నాడు మేస్త్రి.

ఆనాడు అతని దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలు మీకూ చెబుతాను. ఇల్లంతా పాతగా ఉండి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే, ఎందుకని అడగండి. పగులు కనిపిస్తే దాని రెండు చివరలా పెన్సిలుతో గీత గీసి, నెల తరువాత చూడండి. గీత దాటితే ఆ ఇల్లు ఇంకా కదులుతోందన్నమాట. శ్లాబు అడుగున తుప్పు మరకలుంటే, లోపలి ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతోందని అనుమానించాలి. ద్వారబంధాన్ని వేలితో కొట్టి చూడండి. డొల్లగా మోగితే చెదలు తిన్నాయేమో! స్నానాలగదిలో బకెట్టు నీళ్ళు గుమ్మరించి, అవి తూము వైపు పోతున్నాయో గుమ్మం వైపు వస్తున్నాయో గమనించండి. ఎర్తింగు సంగతి ఎలక్ట్రీషియనుకే వదలండి.

చెమ్మ కాగితాలకూ ఉంటుంది. 30 ఏళ్ళకు ఇ.సి. తీయించండి. రిజిస్టరు కాని లావాదేవీలు అందులో కనబడవు. అందుచేత అసలు దస్తావేజులూ, మంజూరైన ప్లానూ కళ్ళారా చూసి వకీలుకు చూపించండి. రెరాలో నమోదైన కొత్త ఫ్లాటయితే 2016 నాటి చట్టం కొంత అండ: స్వాధీనపరచిన 5 ఏళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడి మనం తెలియజేస్తే, బిల్డరు 30 రోజులలో తన ఖర్చుతో బాగుచేయాలి. పాత ఇంటికి ఆ అండ లేదు. మన కళ్ళే దిక్కు.

మేము ఆ ఇల్లు కొనలేదు. మా ఆవిడ రెండు రోజులు దిగులుపడింది. "శుభమా అని ఆషాఢంలో వచ్చారేమిటండీ!" అని ఇంటి యజమాని నొచ్చుకున్నాడు.

ఆ మాట చెబితే అమ్మ నవ్వింది.

"ఆషాఢంలో కొనకూడదన్నారు గాని, చూడకూడదని ఎవరన్నారు?"