కొత్త విండోస్‌లో పాత పేజ్‌మేకర్

తాడేపల్లి నుంచి కృష్ణ దాటితే విజయవాడ, ఇటు తిరిగితే మంగళగిరి మీదుగా గుంటూరు. ఈ దారి పొడవునా ఉన్న డీటీపీ షాపుల్లో కంప్యూటర్లు మారాయి, మానిటర్లు పలచబడ్డాయి. తెర మీద పేజ్‌మేకర్ మాత్రం చాలాచోట్ల ఇంకా అదే. శుభలేఖ, దశదినకర్మ కార్డు, ఎన్నికల కరపత్రం, మిర్చి కమీషన్ కొట్టు తక్‌పట్టీ పుస్తకం, జిన్నింగు మిల్లు బిల్లు బుక్కు అన్నీ అందులోనే తయారవుతాయి. ఆ ప్రోగ్రాముకు చివరి వెర్షన్ అయిన 7.0ను అడోబ్ విడుదల చేసింది 2001లో. ఆ ఏడాదే వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కూడా 2014 ఏప్రిల్‌లో కాలం చెల్లింది. తర్వాత వచ్చిన ప్రతి విండోస్‌లోనూ పేజ్‌మేకర్ ఎక్కడో ఒకచోట మొరాయిస్తూనే ఉంది, ఆపరేటర్లు దాన్ని మళ్లీ దారికి తెచ్చుకుంటూనే ఉన్నారు. వాళ్లు చేసే ఈ మరమ్మతు వెనక చక్కటి కంప్యూటర్ శాస్త్రం ఉంది.

పేజ్‌మేకర్ పుట్టింది అమెరికాలోని సియాటిల్‌లో. పాల్ బ్రెయినర్డ్ అనే పూర్వపు పత్రికా ఉద్యోగి 1984లో ఆల్డస్ అనే కంపెనీ పెట్టి, మరుసటి ఏడు మెకింటాష్ కోసం దీన్ని తెచ్చాడు. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అన్న మాట ఆయన వాడుకలోకి తెచ్చిందే. 1987లో ఇది పీసీల మీదికి వచ్చింది. అప్పటికి విండోస్ ఉన్న కంప్యూటర్లు బహు తక్కువ. అందుకని ఆల్డస్ వాళ్లు పేజ్‌మేకర్ పెట్టెలోనే చిన్నపాటి విండోస్‌ను కూడా పెట్టి అమ్మారు. తనకు కావలసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రోగ్రామే వెంట తెచ్చుకుందన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది. 1994లో ఆల్డస్‌ను అడోబ్ కొనేసింది. 1999లో అదే అడోబ్ ఇన్‌డిజైన్ తెచ్చి పేజ్‌మేకర్‌ను పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

తెలుగు అచ్చుకు పేజ్‌మేకర్ చేసిన మేలు సామాన్యమైనది కాదు. అంతకు ముందు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి, ట్రెడిల్ మీద తొక్కి అచ్చు వేసేవాళ్లు. గుణింతాలకూ ఒత్తులకూ వేరువేరు గడులు, వాటి మధ్య నిలబడి పనిచేసే కంపోజిటర్లు. పేజ్‌మేకర్‌కు అను లాంటి తెలుగు ఫాంట్లు తోడయ్యాక ఆ పనంతా ఒక బల్ల మీదికి వచ్చింది. అయితే ఆ ఫాంట్లలో ఒక చిక్కు ఉంది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పేజ్‌మేకర్‌కు తెలియదు. దాని లెక్కలో ఒక ఫాంటుకు ఉన్నవి 256 గళ్లు. తెలుగు అక్షర రూపాలు వేలల్లో ఉంటాయి. కాబట్టి తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ అక్షరాలను ముక్కలు చేసి, ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో ఆ ముక్కలను దాచారు. ఫైలు లోపల ఉండేది ఇంగ్లిషు గుర్తుల వరసే, తెర మీద తెలుగుగా చూపించేది ఫాంటు. ఆ ఫాంటు తీసేస్తే శుభలేఖ అర్థంకాని గీతల కుప్ప అవుతుంది.

ఇక ఎర్రర్ల సంగతికి వద్దాం. ప్రతి ప్రోగ్రామూ అది రాసిన నాటి యంత్రాన్ని నమ్ముకుని ఉంటుంది. ఎన్నో ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్న పెద్దమనిషి చీకట్లో కూడా సరిగ్గా స్విచ్ మీద చెయ్యి వేసినట్టు, ఫలానా ఫైలు ఫలానా చోట ఉంటుందని అది వెతుక్కోకుండానే పోతుంది. ఇల్లు మారితే ఆ చెయ్యి గోడకు తగులుతుంది.

మొదటి దెబ్బ 16 బిట్ ప్రోగ్రాములకు తగిలింది. 2003లో ఏఎండీ తెచ్చిన 64 బిట్ ప్రాసెసర్ విధానంలో, పాత డాస్ ప్రోగ్రాములను నడిపే వర్చువల్ 8086 అనే ఏర్పాటు 64 బిట్ పద్ధతిలో పనిచేయదు. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా వదిలేసింది. పేజ్‌మేకర్ 6.5, 7.0 రెండూ 32 బిట్‌వి. వాటి కోసం 64 బిట్ విండోస్‌లో వౌ64 అనే పొర ఉంది, 32 బిట్ ప్రోగ్రామును తన పాత లోకంలోనే ఉన్నట్టు నమ్మించే పొర అది. కానీ ఆ రోజుల్లో ప్రోగ్రాము 32 బిట్‌దైనా దాన్ని ఎక్కించే ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది కావడం మామూలే. ప్రోగ్రాము నడవగలిగి ఉండి కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయేది. బాగా వాడుకలో ఉన్న కొన్ని పాత ఇన్‌స్టాలర్లను విండోస్ గుర్తుపట్టి, వాటికి బదులు 32 బిట్‌వి తానే నడుపుతుంది. మిగతావాటికి 32 బిట్ విండోస్ 10 చివరి మజిలీ. విండోస్ 11లో 32 బిట్ కూర్పే లేదు.

రెండోది హక్కుల గొడవ. ఎక్స్‌పీ రోజుల్లో దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటర్లే. ప్రోగ్రాములు తమ సెట్టింగులను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే నిశ్చింతగా రాసుకునేవి. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టా నుంచి ఆ ఫోల్డర్‌కు కాపలా వచ్చింది. పాత ప్రోగ్రాము అక్కడ రాయబోతే విండోస్ కాదనకుండా, ఆ రాతను గుట్టుగా వర్చువల్ స్టోర్ అనే మరో ఫోల్డర్‌లో పెడుతుంది. అది యూజర్‌కొకటి వేరుగా ఉంటుంది. పొద్దున ఒక ఆపరేటరు మార్చిన సెట్టింగు సాయంత్రం ఇంకో లాగిన్‌లో కూర్చున్న ఆపరేటరుకు కనపడకపోవడం ఇందుకే. ప్రోగ్రామును ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సీ డ్రైవ్‌లో విడి ఫోల్డర్‌లో ఎక్కిస్తే ఈ బాధ తీరుతుంది. చాలామంది రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టుకుంటారు. దానితో కొత్త తంటా. తక్కువ హక్కులున్న ప్రోగ్రాము ఎక్కువ హక్కులున్న ప్రోగ్రాముకు మీటలు అందించకూడదన్న నియమం కూడా విస్టాతోనే వచ్చింది. పేజ్‌మేకర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, మీటలను తెలుగు ఫాంటు గుర్తులుగా మార్చే కీబోర్డు మేనేజర్‌ను మామూలుగా వదిలేస్తే పేజ్‌మేకర్‌లో తెలుగు పడదు. రెండింటినీ ఒకే హోదాలో నడపాలి.

మూడోది వెర్షన్ నంబరు. విండోస్ వెర్షన్‌ను తప్పుగా సరిచూసుకుని, కొత్తదాన్ని చూడగానే ఆగిపోయే ప్రోగ్రాములు ఎన్నో. వాటి కోసం విండోస్ తన వెర్షన్‌ను మార్చి చెబుతుంది. విండోస్ 95 పాత 16 బిట్ ప్రోగ్రాములకు తనను తాను 3.95 అని చెప్పుకుంది. ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి ఎక్స్‌పీ ఎంచుకున్నప్పుడు జరిగే పనుల్లో ఇలా వెర్షన్ మార్చి చెప్పడం ఒకటి. ప్రోగ్రాముకూ విండోస్‌కూ మధ్య షిమ్ అనే చిన్న కోడ్ ముక్క చేరి, ప్రశ్నలకు పాత జవాబులు ఇస్తుంది.

కొన్నిసార్లు కొత్త యంత్రం వేగమే తప్పవుతుంది. టర్బో పాస్కల్‌లో రాసిన చాలా ప్రోగ్రాములు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ల మీద మొదలవుతూనే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని ఆగిపోయేవి, సున్నాతో భాగించినట్టు. నిజానికి అక్కడ సున్నా లేదు. గడియారం ఒక టిక్కు కొట్టేలోగా ఎన్ని చుట్లు తిరిగానో ప్రోగ్రాము లెక్కపెట్టి, 55తో భాగించేది. కొత్త ప్రాసెసర్ అన్ని చుట్లు తిరిగేసరికి భాగఫలం 16 బిట్లలో పట్టలేదు. పాత యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో వేగం తగ్గించి పెడితే ఆ ప్రోగ్రాములు నేటికీ నడుస్తాయి.

ఏ సర్దుబాటుకూ లొంగనివి పరికరాలను నడిపే డ్రైవర్లు. ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిల్ ఉంటేనే తెరుచుకునే ఫాంట్ ప్యాకేజీలు ఒకప్పుడు ఉండేవి. ఆ డాంగిల్‌ను గుర్తించడానికి దాని పాత డ్రైవర్ కావాలి, 64 బిట్ విండోస్ 32 బిట్ డ్రైవర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ లోపలికి రానివ్వదు. డబ్బు పెట్టి కొన్న ఫాంటు, డాంగిల్ చేతిలో ఉండగానే పనికిరాకుండా పోతుంది. ఇక్కడ కొనుగోలుదారుకు అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం.

ఇన్ని అతుకుల తర్వాత మిగిలే మార్గం వర్చువల్ మెషీన్. కొత్త కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో ఒక పాత కంప్యూటర్‌ను సృష్టించి, అందులో ఎక్స్‌పీని, దాని మీద పేజ్‌మేకర్‌ను ఎక్కించడం. విండోస్ 7 ప్రొఫెషనల్‌కు మైక్రోసాఫ్టే ఎక్స్‌పీ మోడ్ పేరుతో ఈ సదుపాయం ఇచ్చింది. ఇప్పుడు వర్చువల్‌బాక్స్ లాంటివి ఆ పని చేస్తాయి. 1987లో పేజ్‌మేకర్ తన విండోస్‌ను తానే పెట్టెలో తెచ్చుకున్నట్టే, ఇప్పుడు మళ్లీ తన విండోస్‌తో సహా ఒక పెట్టెలో బతుకుతోంది. ఆ పెట్టెకు ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వకూడదు, ఎక్స్‌పీకి భద్రతా సవరణలు ఆగిపోయి చాలా ఏళ్లయింది. ప్రింటుకు పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు తీసి, బయట పీడీఎఫ్‌గా మార్చుకుంటే సరిపోతుంది.

ప్రోగ్రామును ఇలా కాపాడుకోవచ్చు. అందులో ఇరుక్కున్న తెలుగు సంగతి వేరు. పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలిగిన ఇన్‌డిజైన్‌లలో చివరిది 2012 నాటి సీఎస్6. ఆ కాలపు ఫాంట్ల రకాల్లో ఒకటైన టైప్ 1కు అడోబ్ 2023 జనవరిలో సెలవు చెప్పింది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటు ఉంది, ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా అచ్చు రంగం పాత ఫాంట్లలోనే ఉండిపోవడం వల్ల, పుస్తకాలు, సావనీర్లు, స్థల చరిత్రలు వెతికితే దొరకని గుర్తుల రూపంలో హార్డ్ డిస్కుల్లో పడి ఉన్నాయి.

షాపు నడిపేవాళ్లకూ, సొంతంగా పుస్తకం వేసుకున్న రచయితలకూ ఒక మనవి. పాత ఫైలుతో పాటు అందులో వాడిన ఫాంట్లను కూడా అదే ఫోల్డర్‌లో దాచండి. పేజీలను పీడీఎఫ్ చేయండి. మ్యాటర్‌ను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తుల దగ్గర ఒకసారి ప్రూఫు చూసుకోండి. పేజ్‌మేకర్ తెరుచుకునే కంప్యూటర్ షాపులో ఒక్కటైనా ఉండగానే ఈ పని పూర్తిచేయండి.