పరామర్శకు వెళ్ళువారు

పక్షవాతముచే మంచము పట్టిన మనిషిని పరామర్శింపబోవు బంధువులు సామాన్యముగా ఆ మంచము ప్రక్కనే నిలిచి, అతనితో గాక అతని భార్యతోనో కొడుకుతోనో మాటలాడుదురు. ‘ఎట్లాంటి మనిషి ఎట్లా అయిపోయినాడమ్మా’ అని నిట్టూర్చుదురు. కొందరు పూర్వజన్మ ప్రసక్తి కూడ తెత్తురు. వారికి దయ లేదని నేననను. కాని పలుకలేనివాడు వినలేడనియు, కదలలేనివాడు తలపోయలేడనియు మనము తెలియకయే నిశ్చయించుకొనుచున్నాము.

ఈ నిశ్చయమెంత ప్రమాదకరమో ఫ్రాన్సు దేశీయుడగు జాన్ దొమినిక్ బోబీ చరిత్ర తెలుపును. ‘ఎల్’ అను స్త్రీల పత్రికకు సంపాదకుడై, 43 ఏండ్ల నిండు ప్రాయమున నున్న అతనికి 1995 డిసెంబరు 8న, మెదడును వెన్నుపాముతో కలుపు కాండభాగమున రక్తప్రసారము చెడెను. సుమారు 20 దినములు స్మృతి లేక పడియుండి మేల్కొనునప్పటికి, ఎడమకంటి రెప్ప తప్ప దాదాపు ఏ యవయవమును స్వాధీనమున లేదు. మెదడునుండి అవయవములకు ఆజ్ఞలు కొనిపోవు నాడీతంతువులు ఆ కాండము ముందుభాగమున ఇరుకుగా గుమిగూడి దిగుచుండును. అచ్చట అవి నశించినచో దేహము స్తంభించును గాని, ఆలోచనకును స్మృతికిని ఆటపట్టైన పై మెదడు చెక్కుచెదరక నిలుచును. రెప్పలనెత్తు నాడులు అంతకు పైనుండి బయలుదేరుటచే తరచు మిగులును. 1966లో ప్లమ్, పోస్నర్ అను అమెరికా వైద్యులు దీనికి ‘లాక్డ్ ఇన్ సిండ్రోమ్’ అని పేరిడిరి. ఇట్టి రోగికి తెలివి యున్నదని మొదట పసిగట్టినది వైద్యులు గాక ఇంటివారే యైన సందర్భములు పెక్కు.

ఫ్రెంచి అక్షరములను వాడుక యెక్కువగా నున్న వరుసలో ఒకరు చదువుచుండ, కావలసినది రాగానే బోబీ రెప్ప వాల్చెడివాడు. ఇట్లే క్లోద్ మాందిబిల్ అను నామె వ్రాసికొనగా ఒక గ్రంథమే పూర్తియై, 1997 మార్చిలో, అతని మరణమునకు కొలది దినముల ముందు వెలువడినది. కళ్లద్దములు కావలెనని తాను అక్షరములు కూర్చుచుండగా, ఫ్రెంచిలో ఆ మాట చంద్రుని పేరుతోనే మొదలగుటచే, వినువారు సగములోనే తొందరపడి, చంద్రునితో నేమి పని యని అడిగిరని అందులో అతడు చెప్పుకొన్నాడు. సహాయము చేయవచ్చినవారి తొందరయే అతనికి పెద్ద చిక్కు. మన వర్ణమాల క వర్గము, చ వర్గమని వరుసలుగా తీరియున్నది గనుక, ముందు వర్గము నడిగి పిమ్మట అక్షరము నడుగుట మనకు సులభము కావలె. అందుకొక అట్టముక్క చాలును.

ఇట్టి బ్రతుకు కంటె మరణము మేలని ఆరోగ్యవంతులు తేలికగా తీర్పు చెప్పుదురు. 2011లో ప్రకటితమైన ఒక ఐరోపా అధ్యయనమున, లెక్కకు తీసికొన్న 65 మంది రోగులలో 47 మంది తాము సంతోషముగానే యున్నామనిరి. బదులీయనివారి మాట వేరు కావచ్చును, దీనిని అతిగా సాగదీయరాదు. అయినను తీర్పు వారిది, మనది కాదు.

ఇక ఇంటివారి సంగతి. ఒకేవైపు పరుండినచో ఒత్తిడికి చర్మము చెడి పడకపుండ్లు పడును గనుక, అర్ధరాత్రియైనను రెండేసి గంటలకు రోగిని ఒత్తిగిలింపవలె, మ్రింగలేనివానికి గొట్టముగుండ ఆహారము పోయవలె, కఫము తీయవలె, మూత్రపు సంచి ఖాళీ చేయవలె, కీళ్లు బిగియకుండ చేతులు కాళ్లు మడిచి చాపవలె. మన యిండ్లలో ఈ చాకిరి తరచు భార్యకో తల్లికో కోడలికో ఒక్కతెకే దక్కును. ఆమె నడుము పట్టుకొన్నను అడుగువారుండరు. ‘ఓర్పు గల ఇల్లాలు’ అని పొగడువారు మాత్రము కొల్లలు. ఆ పొగడ్తలో పని తప్పించుకొను నేర్పు కొంత కలదని నా యనుమానము.

ఆమెకు ముందుగా కావలసినది నిద్ర. మరిదియో తమ్ముడో వారమున కొకరాత్రి ఆ ఒత్తిగిలింపు తన మీద వేసికొన్నచో ఆమె తెల్లవారువరకు నిదురింపగలదు. త్రిప్పు విధము, దిండ్లమర్చు విధము ఆమెయే ఒక సాయంకాలమున నేర్పును. త్రిప్పుటకు ముందు రోగి నడుగుట కూడ ఆ నేర్పులో భాగమే.