ఆజ్ఞల గొలుసు

లెక్కలు రాసి ఉంచుకొనే అలవాటు ఎంత పాతదో పట్టికలు కూడా అంత పాతవి. గ్రామ కరణాల దస్తరాలలోనూ, కళాశాల ప్రవేశాల చిట్టాలోనూ ఉండేవి పంక్తులు, అంశాలే. నేడు ఆ పట్టికలు కంప్యూటర్లలో చేరాయి. పదుల కొద్దీ పంక్తులను కంటితో చదువవచ్చు. అవి లక్షలలో ఉన్నప్పుడు అందుకు తగిన సాధనాలు అవసరం.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. అంతకుముందే, 1964లో, వారి సహచరుడైన డగ్లస్ మెకిల్‌రాయ్ ఒక సూచన చేశారు. తోటకు నీరు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్లు ప్రోగ్రాములను కూడా కలిపే వీలుండాలన్నదే ఆ సూచన. 1973లో థాంప్సన్ దానిని ఆచరణలో పెట్టారు. దానికే 'పైప్' అని పేరు. ఒక నిలువు గీత దానికి గుర్తు. గీతకు ఎడమవైపునున్న ఆజ్ఞ ఇచ్చే ఫలితాన్ని కుడివైపునున్న ఆజ్ఞ అందుకొంటుంది.

ఈ సాధనాలలో ఒక్కొక్కదానిది ఒక్కొక్క పని. 'గ్రెప్' కోరిన మాట గల పంక్తులను ఏరుతుంది. 'కట్' కావలసిన అంశాన్ని వేరుచేస్తుంది. 'సార్ట్' పంక్తులను క్రమంలో పేరుస్తుంది. 'యునీక్' పక్కపక్కనే ఉన్న ఒకే రకపు పంక్తులను ఒకటిగా చేస్తుంది. కోరితే అవి ఎన్నో కూడా చెబుతుంది. ఇవి నేటికీ లినక్స్ కంప్యూటర్లలో వాడుకలో ఉన్నాయి.

ఒక కళాశాలవారు విద్యార్థులకు బస్సులు నడపదలచారనుకొందాం. వారి పట్టికలో పేరు, గ్రామం, గ్రూపు అనే అంశాల మధ్య కామాలున్నాయి. ఏ గ్రామం నుండి ఎందరు వస్తున్నారో తెలియాలి. 'కట్' గ్రామాల పేర్లను తీస్తుంది. 'సార్ట్' ఒకే పేరు గలవాటిని ఒకచోట చేరుస్తుంది. 'యునీక్' వాటిని లెక్కిస్తుంది. మరల 'సార్ట్' పెద్ద సంఖ్యను ముందు నిలుపుతుంది. నాలుగు ఆజ్ఞలు, మూడు గీతలతో పని ముగుస్తుంది. అసలు పట్టిక చెక్కుచెదరదు.

అయితే మొదటి 'సార్ట్'ను విడిచిపెడితే ఏమవుతుంది? 'యునీక్' దూరంగా ఉన్న పంక్తులను పోల్చదు. అందువల్ల ఒకే గ్రామం పలుచోట్ల చిన్న చిన్న సంఖ్యలతో కనిపిస్తుంది. 'కొత్తపల్లి' అని ఒకచోట, 'కొత్త పల్లి' అని మరొకచోట రాసినా అవి రెండు గ్రామాలవుతాయి. పేరులోనే కామా ఉంటే 'కట్' దానిని కూడా హద్దుగానే భావిస్తుంది. ఇటువంటి పొరపాట్లకు కంప్యూటర్ ఏ హెచ్చరికా చేయదు. ఫలితంగా బస్సు రావలసిన ఊరికి బస్సు రాకుండా పోవచ్చు.

కాబట్టి ఒక్కొక్క ఆజ్ఞను చేర్చినప్పుడల్లా వచ్చిన ఫలితాన్ని పరిశీలించి ముందుకు సాగాలి. చివరి సంఖ్యల మొత్తం విద్యార్థుల సంఖ్యకు సరిపోయిందో లేదో చూడాలి. సాధనం చెప్పిన పని చేస్తుంది. చేయవలసిన పని ఏమిటో తెలుసుకోవలసినది మనిషే.