పింఛను కాగితమునకు తోడు కావలెను

వృద్ధాప్యములో ఆసరా కల్పించుటకు రాజ్యము తన శక్తికొలది పాటుపడవలెనని మన రాజ్యాంగము 41వ అధికరణములో చెప్పినది. ఆనాటి మద్రాసు రాష్ట్రము 1962లోనే వృద్ధులకు పింఛను మొదలుపెట్టినది. కేంద్ర ప్రభుత్వ పథకము 1995 ఆగస్టు 15న వచ్చినది. 1999లో వృద్ధుల జాతీయ విధానము వెలువడినది. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులలో 60 ఏండ్లు నిండినవారికి నెలకు 200, 80 నిండినవారికి 500 రూపాయలు కేంద్రపు వాటాగా 2011లో నిర్ణయించినారు. తమిళనాడులో రాష్ట్రపు సొమ్ముతో కలిపి 2023లో పింఛను 1,200 రూపాయలైనది.

విధానమున్నది, సొమ్మున్నది. అయినను అర్హులైన అవ్వలు కొందరు ఇంకను ఆఫీసు మెట్లమీదనే కూర్చుండి యున్నారు. ఇరువది ఏండ్లుగా ఫైళ్ల మధ్య బ్రతుకుచున్న మాకు కనుపించిన కారణములు మూడు.

మొదటిది వయస్సు. పుట్టిన తేదీ వ్రాసి పెట్టుకొన్న ఇండ్లు ఆ కాలమున అరుదు. సాక్ష్యమేదియు లేనిచో ప్రభుత్వ వైద్యునిచేత వయస్సు నిర్ధారణ పత్రము పొందు వీలు కేంద్ర పథకపు నిబంధనలలోనే యున్నది. ఇది తెలియక తిరిగిపోయినవారిని మేము చూచినాము.

రెండవది పేరు. మన యింటిపేరు తమిళ కాగితములలో ఇమడదు. రేషను కార్డులో సుబ్బమ్మ, ఆధారులో సుబ్బమ్మాళ్, బ్యాంకు పుస్తకములో మరియొక ఇనిషియలు. మనిషి ఒక్కతే, కాగితములలో ముగ్గురు! దరఖాస్తుకు ముందే వీనిని సరిచేయించుకొనవలెను.

మూడవది భాష. తరతరములుగా ఇక్కడనే యున్నను, మన పెద్దలలో తమిళము మాటలాడువారు పెక్కురు, చదివి వ్రాయగలవారు కొద్దిమంది. ఇ-సేవ కేంద్రములో పెట్టిన దరఖాస్తు గ్రామ పరిపాలనాధికారిని, రెవెన్యూ ఇన్‌స్పెక్టరును దాటి తాసీల్దారు వద్దకు పోవలెను. నడుమ ఎక్కడ నిలిచినదో అడుగుటకు రసీదు నంబరు కావలెను. ఆ రసీదును కొంగున ముడివేసికొన్న అవ్వకు దానిని చదివిపెట్టువారు కావలెను.

బిడ్డలుండియు పోషణ లేనివారికి 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము దారి చూపినది. స్వయముగా రాలేని వృద్ధుడు అధికారమిచ్చినచో, రిజిస్టరైన స్వచ్ఛంద సంఘము ఆయన తరపున ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టవచ్చునని దాని 5వ సెక్షను చెప్పుచున్నది. ఈ మాట మన సంఘమునకే చెప్పినట్లున్నది.

ఉగాదికి నాటకములు వేయుచున్నాము, సంతోషమే. నెలకొక ఆదివారము, రెండు లిపులును వచ్చినవారు నలుగురు సంఘ భవనములో రెండు గంటలు కూర్చుండిన ఈ పనియు జరుగును. సోదర సోదరీమణులారా, మీ వీధిలో 60 దాటిన బీదవారెవరో మొదట విచారించండి. వారి రేషను కార్డును, ఆధారును పక్కపక్కన పెట్టి పేరు చదివి చూడండి. పని అక్కడనే మొదలగును.