రాయిలోంచి సయనైడ్, రక్తనాళంలోకి గొట్టం!

కిడ్నీలో రాళ్లకు ఇప్పుడు పొట్ట కోసేవాళ్లు దాదాపు లేరు. వీపు మీద చిన్న రంధ్రం చేసి తీయడం 1976లో స్వీడన్‌లో మొదలైంది. మూత్రం దారినే సన్నటి గొట్టం పంపి తీయడం ఇంకో పద్ధతి. రెండూ భద్రమైనవే. ఎప్పుడో ఒకసారి జరిగే వింతలే ఈ విశేషాలు.

గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. అంటే నిమిషానికి లీటరు పైనే. అలాంటి చోట రంధ్రం చేసినా రక్తం ఏరులై పారకపోవడానికి కారణం, పెద్ద రక్తనాళాలు అంతగా లేని ఒక పట్టీ ఉండటం. దానికి బ్రోడెల్ గీత అని పేరు. మ్యాక్స్ బ్రోడెల్ డాక్టరు కాదు, వైద్య పుస్తకాలకు బొమ్మలు గీసిన చిత్రకారుడు!

అయినా ఒక్కోసారి సూది ఏదో ధమని గోడను గీరుతుంది. అక్కడ రక్తం చిన్న బుడగలా నిలుస్తుంది. ఆపరేషన్ బాగా జరిగిందని ఇంటికి పంపాక, వారానికో రెండు వారాలకో ఆ బుడగ చిట్లి మూత్రం ఎర్రగా వస్తుంది. వందమందిలో ఒకరికి అటూ ఇటూగా ఇలా జరుగుతుంది. దీనికి మళ్లీ కోత అక్కర్లేదు. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, చిన్న లోహపు చుట్టలతో ఆ నాళాన్ని మూసేస్తారు. ఇంటికొచ్చాక మూత్రంలో రక్తపు గడ్డలు పడితే 'అదే తగ్గుతుందిలే' అని కూర్చోకూడదు.

కొందరికి పెద్దపేగు కిడ్నీ వెనక్కి వచ్చి ఉంటుంది. వీపు నుంచి గుచ్చితే ముందు తగిలేది పేగే. ఆపరేషన్‌కు ముందు సీటీ స్కాన్ అడగడానికి ఇదీ ఒక కారణం. పొరపాటున పేగుకు రంధ్రం పడినా, చాలాసార్లు వీపు నుంచి కిడ్నీలోకి పెట్టిన గొట్టాన్ని పేగులోకి వెనక్కి లాగి, కిడ్నీలో విడిగా స్టెంట్ (మూత్రం పారడానికి లోపల పెట్టే సన్నటి గొట్టం) పెడితే గాయం దానంతటదే మానుతుంది.

ఇంకా అరుదు: కిడ్నీలో పెట్టిన గొట్టం సిరలోంచి శరీరంలోని అతిపెద్ద సిరలోకే జారడం. అప్పుడు కంగారుపడి లాగేస్తే ప్రాణం మీదికి వస్తుంది. గొట్టం మూసి ఉంచి, స్కాన్‌లో చూసుకుంటూ మెల్లగా, విడతలు విడతలుగా వెనక్కి తీస్తారు.

మూత్ర పరీక్షలో సూక్ష్మజీవులు లేవన్నా, రాయి లోపల దాక్కుని ఉండొచ్చు. రాయి పగలగానే అవి బయటపడతాయి, లోపలికి పోసే నీటి ఒత్తిడి వాటిని రక్తంలోకి నెడుతుంది. ఆపరేషన్ అయిన కొన్ని గంటలకే చలిజ్వరం, బీపీ పడిపోవడం ఇలా వస్తాయి. నా లెక్కలో అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే.

మూత్రం దారినే గొట్టం పంపే పద్ధతికి వస్తే, మూత్రనాళం వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లే. పెద్ద రాయిని తీగ బుట్టలో బిగించి బలంగా లాగితే నాళమే తెగి రాయితో పాటు వచ్చేయొచ్చు. వేలల్లో కొన్ని కేసులే ఇవి. తర్వాత పేగు ముక్కతో దారి కట్టాలి, లేదా కిడ్నీనే కిందికి దించి అతకాలి. అందుకే ముందు పగలగొట్టు, తర్వాతే లాగు అంటారు.

సయనైడ్ సంగతి: యూరిక్ యాసిడ్ రాయిని, రాళ్లు పగలగొట్టడానికి వాడే హోల్మియం లేజర్‌తో కాలిస్తే సయనైడ్ పుడుతుందని 1998లో ప్రయోగశాలలో తేల్చారు. కంగారు వద్దు. ఆపరేషన్‌లో పుట్టేది అతి తక్కువ, పైగా పారే నీరు దాన్ని కడిగేస్తూ ఉంటుంది. లేజర్‌తో అసలు జాగ్రత్త వేడి దగ్గర. నీరు సరిగా పారకపోతే నాళం గోడ కాలి, తర్వాత ఇరుకైపోతుంది.

చివరిది డాక్టరు చేతిలో కన్నా మీ చేతిలోనే ఎక్కువ ఉంది. లోపల పెట్టిన డీజే స్టెంట్‌ను సాధారణంగా వారాల్లోనే తీసేయాలి. నొప్పి లేదని మర్చిపోయి ఏళ్ల తరబడి మోసేవాళ్లున్నారు. దాని చుట్టూ మళ్లీ రాయి కడుతుంది, దాన్ని తీయడానికి ఇంకో ఆపరేషన్ కావాలి. డిశ్చార్జి రోజే స్టెంట్ తీసే తేదీ అడిగి రాయించుకోండి.